నాలుగో ముక్క

రేకుల షెడ్డు, పని జరిగే చోటు

వదినకు,

నీ మొదటి ఉత్తరం అందింది. పొద్దుటా సాయంత్రం మీ అమ్మకి మందు పోస్తున్నామని రాశావు. మందు 'రాస్తున్నాం' అనాలి తల్లీ. నువ్వు రాసింది ఎవరైనా చదివితే, కాలు విరిగిన ముసలావిడకి సారా పట్టిస్తున్నావనుకుంటారు. అయినా అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. వంటింటి గట్టు మీద నీ చేత దిద్దించిన రోజులు వృథా పోలేదు. ఫోన్ మానేసి ఉత్తరాలే రాసుకుందామన్న మాటా మంచిదే. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకర్ పెట్టేస్తాడు, మన గుట్టంతా వీధిలో వాళ్ళకి తెలిసిపోతుంది.

ఇక్కడి సంగతి. రెండు పాత ఇళ్ళ మధ్య సన్నటి స్థలం. అక్కడ కొత్త ఇల్లు లేస్తుంది, దాని కింద బళ్ళు పెట్టుకోవడానికి ఒక అంతస్తు. అందుకని పునాది మామూలుకంటే చాలా లోతుకి వెళ్ళాలి. సందు ఎంత ఇరుకంటే పెద్ద మిషన్ మూతి కూడా దూరదు. అన్నయ్య నడిపే, మట్టి తవ్వే చిన్న మిషన్‌కి ఈ పని దొరికింది అందుకే. ఇక్కడ అందరూ దాన్ని బుడ్డది అంటారు. క్రేన్‌తో ఎత్తి కప్పుల మీదుగా తీసుకొచ్చి గోతిలోకి దింపుతుంటే, చంటిపిల్లని పరాయివాళ్ళ చేతికిచ్చినట్టు అన్నయ్య కింద నిలబడి "మెల్లగా, మెల్లగా" అని ఒకటే గోల.

నా ఉద్యోగం ఏమిటని అడిగావు కదా. కుడివైపు ఇంటి గోడకి పునాది పైపైనే ఉంది. మేం దానికంటే కిందికి తవ్వుతున్నాం. కనుక ఆ గోడ అడుగున కూడా తవ్వి, కాంక్రీటు పోసి, దాని కాళ్ళు పొడుగు చెయ్యాలి. మొత్తం ఒకేసారి తవ్వితే గోడ కూలుతుంది. అందుకని గోడ పొడవునా సున్నంతో గీతలు గీసి, ముక్కలకి అంకెలు వేశాను. ముందు ఒకటి, మూడు, ఐదు. వాటిలో పోసిన కాంక్రీటు గట్టిపడి బరువు మొయ్యగలిగాకే రెండు, నాలుగు. పక్కపక్క ముక్కల్లో ఒకటి గట్టిపడకుండా రెండోది ముట్టుకోకూడదు. మన ఇంట్లో బడి ముఖం చూసినది నేనొక్కదాన్నే కదా, అంత చదువూ చదివింది ఈ ఒక్క మాట కాపాడటానికే అనిపిస్తోంది.

ఆ గోడ అవతల ఒక రిటైరైన టీచరమ్మ ఉంటుంది. ఆవిడ భర్త మంచం మీదే. ఆ మంచం సరిగ్గా ఈ గోడకే ఆనించి ఉంది.

నీకు మాత్రమే చెప్తున్నా, నేనింతవరకు గోతిలోకి దిగలేదు. నిచ్చెన దాకా వెళ్తాను, అక్కడినుంచే వెనక్కొచ్చేస్తాను. పైనుంచి చూస్తూ వాకీటాకీలో చెప్తాను. "మేడమ్ గారూ, మా పాతాళంలో తమరి పాదం ఎప్పుడు పెడతారు?" అని అన్నయ్య రోజూ ఏడిపిస్తాడు. కింద నిలబడి చూస్తే ఆకాశం చాపంత కనబడుతుందట. వినడానికే భయం వేసింది.

నీ మరదలు


అమ్మ మంచం పక్క

మరదలికి,

మందు రాస్తున్నాం. రాస్తున్నాం, రాస్తున్నాం, రాస్తున్నాం. చాలా పంతులమ్మా?

అమ్మ మంచం దిగకుండానే ఇల్లంతా ఏలుతోంది. కట్టు విప్పడానికి ఇంకా టైముందన్నారు, అంతవరకు నేను కదలలేను.

నువ్వు 'కిందికి', 'లోతుకి' అని రాసిన చోటల్లా నా వేలు ఆగిపోయింది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన మట్టి తవ్వుతూనే ఉన్నాడు, కొత్తేం కాదు. ఇంతకుముందు మైదానాల్లో తవ్వేవాడు. పక్కన గోడలుండేవి కావు. నాకు గోడలంటేనే దిగులు.

ఒకటి గుర్తుపెట్టుకో. ఆయన్ని పిలిస్తే కుడివైపు నుంచి పిలువు. లేదా ఎదురుగా వెళ్ళి మాట్లాడు. ఎందుకని అడక్కు. మనిషికి పరధ్యానం ఎక్కువ, నీకు తెలియందేముంది.

వేళకి తింటున్నాడా? రాత్రిళ్ళు టీవీ శబ్దం తగ్గించమని చెప్పు. చెప్పినా తగ్గించడనుకో.

మీ వదిన


రేకుల షెడ్డు

వదినా,

ఇది అన్నయ్య కంట పడకూడదు. ఆయనకి చదవడం రాదులే, అయినా దాచి రాస్తున్నాను.

మొన్న టీచరమ్మ గేటు దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, మా పడగ్గది తలుపు మూసుకోవడం లేదు. వానాకాలం రాకుండానే చెక్క ఉబ్బిందంటావా?" అంది. నవ్వుతూనే అడిగింది. చెక్క ఉబ్బలేదు వదినా. చట్రం ఒరిగింది.

లోపలికెళ్ళి చూశాను. ఆవిడ భర్త తల వెనక, గోడ మీద, కింది నుంచి పైకి మెట్లు మెట్లుగా బీట. ఆయన నన్ను చూసి దిండు సర్దమన్నాడు. సర్దాను. ఆ బీట మీద సున్నపు బిళ్ళ ఒకటి అతికించి వచ్చాను. గోడ కదలకపోతే బిళ్ళ అలాగే ఉంటుంది. మర్నాడు పొద్దున్న చూస్తే బిళ్ళ నడిమికి చిట్లింది.

మా కాంట్రాక్టరు సార్‌కి చెప్పాను. "పాత ఇళ్ళన్నాక బీటలుంటాయమ్మా. పనయ్యాక పూయించి రంగు వేయిస్తాలే" అన్నాడు. వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచి, "మీ అన్నకి చెప్పకు. మట్టి ఎత్తే బకెట్ నడిపే చెయ్యి వణికిందంటే ఆ గోడకే తగులుతుంది" అన్నాడు.

ఆ మాట నిజమేననిపించింది. అన్నయ్యకి చెప్పలేదు. ఇవాళ భోజనాల దగ్గర "ఏమే, ముఖం అలా పెట్టావు?" అన్నాడు. తలనొప్పన్నాను. తన పళ్ళెంలోంచి కొంత తీసి నాకు పెట్టి, ఏదో కూనిరాగం తీసుకుంటూ నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు. నేను పైన నిలబడి, మిషన్ చప్పుడు కాస్త మారినా తొంగి చూస్తున్నాను. మట్టి చెమ్మగా కూడా ఉంది. తవ్విన చోట నిలువుగా నిలబడటం లేదు, అంచులు రాలుతున్నాయి.

నాకు భయం వేయడం సహజమా, లేక చదివింది తలకెక్కిందా? నువ్వే చెప్పు. ఎవరినడిగినా నేను చిన్నదాన్నంటారు.

నీ మరదలు


అమ్మ మంచం పక్క

అమ్మాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. తప్పు చదవలేదు.

ఇది చదవగానే చేతిలో పని పక్కన పెట్టు. నేను ఒట్టు తప్పుతున్నాను. తప్పనీ.

మీ అన్నకి ఎడమ చెవి వినపడదు. కొంచెం కాదు, బొత్తిగా. ఏళ్ళ తరబడి మిషన్ పక్కన కూర్చుని పోయింది. కుడి చెవి కూడా సగమే. టీవీ అందుకే, ఫోన్‌లో స్పీకర్ అందుకే. డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. బయటికొచ్చి "ఇది తెలిస్తే నన్ను సీటు మీంచి దింపేస్తారు. చెల్లికి కూడా చెప్పకు, నా మీద ఒట్టు" అన్నాడు. నీకు చెబితే నువ్వు ఊరుకోవని ఆయనకి తెలుసు. మనుషుల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. మనం ఎదురుగా ఉంటే అన్నీ వింటున్నట్టే ఉంటుంది.

నువ్వు పైనుంచి వాకీటాకీలో చెప్తానన్నావు. అది చదివిన రోజే నీకు చెప్పాల్సింది. కుడివైపు నుంచి పిలువు అని రాసి సరిపెట్టుకున్నాను. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను.

ఆ వాకీటాకీని నమ్ముకోకు. గోడ సంగతి ఆయనకి చెప్పు. కళ్ళ ముందు నిలబడి చెప్పు. చెయ్యి వణికితే వణకనీ, వణికితే దిగి వచ్చేస్తాడు కదా!

ఈ ఉత్తరం నీకు చేరేదాకా నాకు నిద్ర లేదు. ఫోన్ చేస్తే నువ్వు పనిలో ఉంటావు కాబోలు, ఎత్తడం లేదు. ఆయన ఎత్తి "ఇక్కడంతా బాగుంది" అంటున్నాడు.

వదిన


ఇంట్లో, వంటింటి గట్టు దగ్గర

వదినా,

ముందు ఇది చదువు. అన్నయ్య బతికే ఉన్నాడు. భుజం కమిలింది, ఎముకలు విరగలేదు. పక్క గదిలో నిద్రపోతున్నాడు. ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు. ఇదంతా ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నిన్నే జరిగిపోయింది.

నిన్న మధ్యాహ్నం మబ్బు పట్టింది. మూడో ముక్కలో మొన్న పోశారు, ఐదో ముక్కలో నిన్న పొద్దున్న పోశారు, రెండూ పచ్చిగానే ఉన్నాయి. సార్ వచ్చి, "వాన పడితే గోతి నిండా నీళ్ళు. నాలుగోది కూడా తవ్వేసి పోసేద్దాం" అన్నాడు. వద్దన్నాను. పక్కపక్కవి పచ్చిగా ఉన్నాయి, గోడకి ఆ చోట ఆధారమే ఉండదని చెప్పాను. "పుస్తకాల్లో వాన పడదమ్మా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

అప్పుడే వాకీటాకీలో అన్నయ్య. "పిల్లా, నాలుగో దాని ముందున్నా. మొదలెట్టనా?"

సార్ నా మోచేతి పక్కనే ఉన్నాడు. ఆయన ముఖం మీదే కాదనడానికి నోరు రాలేదు. మర్యాదగా మొదలుపెట్టాను. "సార్ తవ్వమంటున్నారు, కానీ..." అన్నాను. తర్వాతి మాట కోసం వెతుక్కున్నాను. అంతే వదినా. ఆ కాస్త ఆగడమే.

కింద నుంచి "సరే, కానిస్తున్నా" అని వినబడింది.

నేనన్న 'కానీ' వేరు, అన్నయ్య విన్న 'కానీ' వేరు. "ఊఁ, కానీ" అని మనం తోసుకుంటూ అంటామే, అది విన్నాడు. ముందు మాటలు విన్నాడో లేదో తెలియదు, ఆ ఒక్కటి పట్టుకున్నాడు. "ఆగు! ఆగు!" అని బొత్తాం నొక్కి అరిచాను. బకెట్ లోపలికి వెళ్ళిపోయింది. వాకీటాకీ ఎడమ భుజానికి తగిలించుకున్నాడు.

మట్టి పడేటప్పుడు పెద్ద చప్పుడేం రాలేదు. పిండి జారినట్టు జారింది. గోడ కింద మూల ఖాళీగా కనిపించింది. పైనుంచి ఇటుకలు రెండు మూడు మిషన్ కప్పు మీద పడ్డాయి. ఒక పక్క మిషన్ చక్రాల చుట్టూ తిరిగే పట్టా మట్టిలో కూరుకుపోయింది. లోపల ఆ మంచం ఉందని అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది, పనివాళ్ళంతా పక్కింట్లోకి పరుగెత్తారు. సార్ వీధిలోకి పరుగెత్తాడు.

అన్నయ్య దిగి వచ్చేస్తాడనుకున్నాను. నిచ్చెన ఆయనకి దగ్గరే. రాలేదు. వేలాడుతున్న గోడని చూశాడు, అవతల పెద్దాయన ఉన్నాడని తెలుసు. తవ్విన మట్టినే బకెట్‌తో మళ్ళీ గోడ కిందికి తోయడం మొదలుపెట్టాడు. అదే సరైన పని. అయితే ఆయన ఎడమ పక్కన, ఐదో ముక్క దగ్గర, పచ్చి కాంక్రీటుని పట్టుకున్న చెక్కలు ఉబ్బుతున్నాయి. నాకు పైనుంచి తెలుస్తోంది, ఆయనకి తెలియడం లేదు. అవి విరిగితే నేరుగా ఆయన మీదికే.

"అన్నయ్యా, ఎడమ పక్క! ఎడమ పక్క!" ఎన్నిసార్లు అరిచానో. తల కూడా తిప్పలేదు. మొండితనం అనుకున్నాను వదినా. నిజంగా తిట్టాను.

దిగాను. ఎలా దిగానో అడక్కు. నిచ్చెన మెట్లు చేతికి తగిలిన గుర్తే లేదు. కింద చల్లగా ఉంది, తడి మట్టి వాసన, డీజిల్ పొగ. గోడ నా తల మీదికి వంగి ఉంది. వెళ్ళి మిషన్ ఎదురుగా నిలబడ్డాను. అన్నయ్య నన్ను చూసి నోరు తెరిచాడు. ఏదో తిట్టాడు, నాకు వినబడలేదు. రెండు చేతులూ అడ్డంగా పెట్టి ఆపాను, చెక్కల వైపు చూపించాను. అప్పుడు చూశాడు. బకెట్ అటు తిప్పి మట్టి తోసి చెక్కలకి ఆనించాడు. తర్వాత మళ్ళీ గోడ వైపు. నేను చెయ్యి చూపిస్తాను, ఆయన తోస్తాడు. ఆయన నన్ను తప్ప ఇంకేం చూడటం లేదు.

పైనుంచి "టీచరమ్మా, పెద్దాయనా ఇద్దరూ బయటికొచ్చేశారు!" అని కేక. అది అన్నయ్యకి వినపడలేదు. నేను చొక్కా పట్టి లాగాను. మిషన్ దిగేటప్పుడే ఇటుక పడి ఆయన భుజం కమిలింది. నన్ను ముందు ఎక్కమని నెట్టాడు.

మేం పైకి వచ్చి వీధిలో నిలబడ్డాక ఆ గోడ మూల కూలింది. టీచరమ్మ ఎదురింటి అరుగు మీద భర్త తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, చూపు తిప్పుకుని ఆయన ముఖం మీది దుమ్ము తుడిచింది. ఏదైనా అంటే బాగుండును.

అన్నయ్య అన్నాడు, "నువ్వేగా కానీ అన్నావు!"

"తవ్వమని కాదు అన్నయ్యా!"

నా పెదాల వంకే చూస్తున్నాడు. ఎందుకలా చూస్తున్నాడో ఇవాళ నీ ఉత్తరం చదివాక తెలిసింది.

రేపు తనిఖీకి అధికారి వస్తాడట. సార్ ఇప్పటికే అందరితో "ఆపరేటర్ తొందరపడ్డాడు" అంటున్నాడు. ఏం చెప్పను? చెవి సంగతి చెబితే అన్నయ్య ఇంక సీటెక్కడు. చెప్పకపోతే ఇంకో గోతిలోకి దిగుతాడు.

నీ మరదలు


అమ్మ మంచం పక్క

చెప్పెయ్.

నీ ఉత్తరం వచ్చేసరికే ఆ రోజు దాటిపోయిందని తెలుసు. అయినా రాస్తున్నా. ఇంకా చెప్పకపోతే ఇవాళ చెప్పు. ఒట్టు నాది, పాపమేదైనా తగిలితే నాకే తగలనీ. మనిషి ఇంట్లో ఉండి నన్ను తిట్టుకోవాలి, నాకు అంతే కావాలి.

పక్కింటి వాళ్ళని ఎక్కడ పడుకోబెట్టారు? అది రాయలేదు నువ్వు.

వదిన


ఇంట్లో

వదినా,

నీ ఉత్తరం రాకముందే చెప్పేశాను.

టీచరమ్మా వాళ్ళు ఆవిడ తమ్ముడింట్లో ఉన్నారు. వెళ్ళి చూసి వచ్చాను. ఆవిడ తలుపు తీసి, "ఆ రోజు తలుపు సంగతి అడిగినప్పుడే నీకు తెలుసా?" అంది. తెలుసన్నాను. "నా దగ్గర చదువుకుని ఉంటే చెవి మెలిపెట్టేదాన్ని" అని లోపలికెళ్ళి పెద్దాయన మందుల వేళ చూసుకుంది. కూర్చోమనలేదు. పొమ్మనీ అనలేదు.

తనిఖీ రోజున సార్ అనుకున్నట్టే చెప్పాడు. అధికారి అన్నయ్యని అడిగితే, "పొరపాటు నాదే" అన్నాడు. నేను 'కానీ' అన్న సంగతి ఎత్తలేదు. నన్ను కాపాడుతున్నాడు వదినా. అది చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. బీట సంగతి, సార్ దాచమన్న సంగతి, ఆ మాట నాదేనన్న సంగతి అన్నీ చెప్పాను. చివరికి, "మా అన్నయ్యకి ఎడమ చెవి వినపడదు" అన్నాను.

అన్నయ్య తల తిప్పి నన్ను చూశాడు. గోతిలో గోడ మీదికి వంగినప్పుడు కూడా ఆ ముఖం అలా లేదు.

పని ఆపించారు. సార్ మీద విచారణ నడుస్తోంది. అన్నయ్యకి పరీక్షలు చేసి, ఇక మిషన్ నడపకూడదని తేల్చారు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. నీళ్ళ గ్లాసు కావాలన్నా తనే లేచి తెచ్చుకుంటున్నాడు. నన్ను వేరే కంపెనీ వాళ్ళు తీసుకున్నారు, దూరం, వచ్చే వారం వెళ్ళాలి. అక్కడా ఇరుకు సందే, లోతు పునాదే. వెళ్ళాలంటే భయంగా ఉంది. ఇంట్లో ఆయన ముందు తిరగాలన్నా భయంగానే ఉంది.

నువ్వు తొందరగా వచ్చెయ్యి.

నీ మరదలు


మన ఇల్లు

మరదలికి,

నేను వచ్చి నెలలవుతోంది, ఇప్పటికి తీరిక దొరికింది. అక్కడ అమ్మ కర్ర పట్టుకుని నడుస్తోందట, ఆ కర్రతోనే అందర్నీ బెదిరిస్తోందట.

మీ అన్న మిషన్లు బాగుచేసే షెడ్డులో చేరాడు. చెవికి మిషన్ పెట్టించాను. పెట్టిన రోజు కుళాయి బొట్టు పడుతుంటే ఎవరో తలుపు కొడుతున్నారని లేచాడు. సాయంత్రం దాకా నా మాటలు విని, "నీ గొంతు ఇంత పెద్దదా? ఇన్నాళ్ళూ సుఖపడ్డానన్నమాట" అన్నాడు. దాన్ని తీసి జేబులో వేసుకోబోతే చెయ్యి పట్టుకున్నాను.

నీ మాట మాత్రం ఎత్తేవాడు కాదు. నీ ఉత్తరం వస్తే లేచి బయటికి వెళ్ళేవాడు. నా మీద కూడా కోపమే, నాతో మాట్లాడటం మానితే తిండి దొరకదని ఊరుకున్నాడంతే.

నిన్న భోజనం చేస్తూ చేస్తూ, "అది ఇంకా గోతుల దగ్గరే నిలబడుతోందా?" అన్నాడు.

అవునన్నాను. ఈసారి రెండు వైపులా పక్కిళ్ళున్నాయట, రోజూ దిగి చూస్తోందట అని కూడా చెప్పాను. నిజమేగా, నువ్వే రాశావు.

చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "దిగుతోందా?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అన్నేళ్ళు గోతుల్లో ఉండి ఈల వేసుకుంటూ ఇంటికొచ్చిన మనిషి. నేను గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంటే "పిచ్చిదానా" అని నవ్విన మనిషి. రాత్రి రెండుసార్లు లేచి వానొస్తోందా అని కిటికీలోంచి చూశాడు. ఇక్కడ వాన లేదు. మీ దగ్గర ఉందేమోనని ఆయన భయం. నాకు జాలేసింది. కొంచెం కసి కూడా తీరింది, నిజం చెప్తున్నా.

పొద్దున్న నన్ను కూర్చోబెట్టి ఇవి అడగమన్నాడు. నేనే అడుగుతున్నట్టు రాయమన్నాడు. గోతిలోంచి పైకి రావడానికి రెండో నిచ్చెన ఉందా? పక్కిళ్ళ లోపలికెళ్ళి గోడలు ఎవరు చూస్తున్నారు? కింద ఉన్నవాడు నిన్ను చూస్తూ పనిచేస్తాడా, లేక నువ్వు అరవాలా? పని ఆపమంటే ఆపుతారా?

వెంటనే రాయి. బాగున్నానని రాసి ఊరుకోకు, అడిగినదానికి అడిగినట్టు రాయి. నేను పైకి చదవాలి. ఆయన చెవి మిషన్ పెట్టుకుని కూర్చుంటాడు.

మీ వదిన